విశ్వాసమూ, ఓటూ: ఇటలీ గర్భస్రావ చట్టం కథ

మతవిశ్వాసం గల సామాన్యుడి ఓటును గురించి మన వామపక్షంలో ఒక తేలిక అభిప్రాయం పాతుకుపోయింది. గురువు ఎటు తోలితే మంద అటు పోతుందని! 1959లో కేరళ కమ్యూనిస్టు ప్రభుత్వం మీద సాగిన ‘విమోచన సమరం’లో కేథలిక్కు చర్చి పాత్రను ఎరిగినవారికి అలా తోచటం వింత కాదు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఇటలీ గర్భస్రావ చట్టం చరిత్ర చదివాక ఆ అభిప్రాయం మార్చుకోవలసి వచ్చింది.

ముందుగా ఒక భ్రమ వదుల్చుకోవాలి. యుద్ధానంతర ఇటలీలో గర్భస్రావాన్ని శిక్షించిన శాసనం చర్చి రాసినది కాదు. ముస్సోలినీ హయాంలో 1930లో వచ్చిన రొక్కో శిక్షాస్మృతి. అందులో ఈ నేరం ఉన్న అధ్యాయం ‘జాతి సమగ్రతకూ ఆరోగ్యానికీ విరుద్ధమైన నేరాల’ను గురించినది. అంటే స్త్రీ గర్భం రాజ్యం సొత్తు, సిపాయిలను సరఫరా చేసే గిడ్డంగి. ఫాసిజం కూలింది గాని ఆ అధ్యాయం కూలలేదు. చర్చి దాన్ని తనదిగా చేసుకుని కాపాడింది. డబ్బున్న ఇల్లాలు సరిహద్దు దాటి క్లినిక్కుకు పోయేది. పేదరాలు దొంగచాటు మంత్రసాని చేతిలో ప్రాణం పెట్టేది. తల్లి ఆరోగ్యానికి తీవ్రమైన ముప్పున్నప్పుడు శిక్షించటం తగదని రాజ్యాంగ న్యాయస్థానం 1975లో చెప్పింది. మరుసటి జూలైలో సెవెసో కర్మాగారం నుంచి డయాక్సిన్ విషం వెలువడి చుట్టుపక్కల గర్భిణులను భయపెట్టినప్పుడు, ఈ ప్రశ్న ఇంటింటి ప్రశ్న అయింది.

ఐతే అంతకు ముందే ఒక పరీక్ష జరిగింది. 1970 నాటి విడాకుల చట్టాన్ని రద్దు చేయించాలని చర్చి అనుయాయులు 1974లో రెఫరెండం తెచ్చారు. కమ్యూనిస్టు పార్టీ ఆ పోరును తప్పించుకోవాలనే చూసింది. కేథలిక్కు శ్రామికులు చేజారిపోతారని బెర్లింగ్వేర్ జంకు. తీరా చూస్తే నూటికి 59 మంది చట్టం ఉండాలన్నారు. బాప్తిస్మం పొందనివారు అరుదైన దేశంలో ఆ 59 మందీ నాస్తికులు ఎలా అవుతారు? మతాధికారుల్లోనే భేదం పుట్టింది. రోములోని సెయింట్ పాల్ మఠానికి అధిపతిగా పనిచేసిన జొవాన్ని ఫ్రాంజోని, ఓటు విషయంలో విశ్వాసులను వారి అంతరాత్మకు వదిలెయ్యాలన్నాడు. చర్చి ఆయన్ను పూజారి విధుల నుంచి బహిష్కరించింది. విశ్వాసుల శక్తిని వారి నాయకులూ తెలుసుకోలేదు, మన నాయకులూ తెలుసుకోలేదు.

గర్భస్రావం విడాకుల కన్నా బరువైన ప్రశ్న. 1977 జూన్ 7న బిల్లు సెనేటులో 154 మీద 156 ఓట్లతో వీగిపోయింది. కమ్యూనిస్టుల జాబితా మీద స్వతంత్రులుగా గెలిచిన రనియెరో లా వాల్లే, మారియో గొజ్జిని వంటి కేథలిక్కులు అప్పటికి అదే సభలో కూర్చుని ఉన్నారు. మరుసటి మే నెలలో, అల్డో మోరో శవం దొరికి రెండు వారాలైనా కాకముందే, చట్టం నెగ్గింది. మే 22వ తేదీ, సంఖ్య 194. మొదటి 90 రోజుల్లో, వారం రోజుల ఆలోచన గడువుతో, ప్రభుత్వ వైద్యం కిందనే.

సంతకాలు చేసింది ఎవరు? క్రైస్తవ ప్రజాస్వామ్య పార్టీవారే! అధ్యక్షుడు లియోనే, ప్రధాని అంద్రెయొట్టి, ఆరోగ్యమంత్రి తీనా అన్సెల్మి. ఈ అన్సెల్మిని గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. ఆమె నిష్ఠగల కేథలిక్కు. 1944లో 17 ఏళ్ల పిల్లగా, బస్సానో పట్టణంలో ఫాసిస్టులు గెరిల్లాలను చెట్లకు ఉరితీయటాన్ని బలవంతాన చూడవలసి వచ్చి, ప్రతిఘటనోద్యమంలో చేరి వార్తలు మోసింది. ఆమె పార్టీ ఈ చట్టాన్ని వ్యతిరేకించింది. పార్లమెంటు ఆమోదించాక మంత్రిగా ఆమె సంతకం పెట్టింది. 1990లో బెల్జియం రాజు బోదువెన్ ఇలాంటి చట్టం మీదే సంతకం చెయ్యనన్నాడు. ఏప్రిల్ 4న ఆయన పాలించలేని స్థితిలో ఉన్నాడని మంత్రివర్గం ప్రకటించి చట్టం జారీ చేసింది, మర్నాడు పార్లమెంటు ఆయనకు అధికారం తిరిగి ఇచ్చింది. ఇద్దరిదీ ఒకే మతం. రాజుది నిజాయితీయే కావచ్చు. కాని నాకు అన్సెల్మి అంతరాత్మే ఎక్కువ బరువు మోసినట్టు తోస్తుంది.

1981 మే 13న పోపు మీద తుపాకి పేలింది. నాలుగు రోజులకే రెఫరెండం. చట్టాన్ని బిగించాలన్న ప్రశ్నకు, అంత సానుభూతి వెల్లువలో కూడా, నూటికి 68 మంది కాదన్నారు. ఇంకా సడలించాలన్న రాడికల్ పార్టీ ప్రశ్నకు 88 మంది కాదన్నారు. మన పత్రికలు మొదటి సంఖ్యను చాటి రెండవదాన్ని మింగేస్తాయి. అది సరి కాదు. ఆ రెండూ ఒకే చేతులు వేసిన ఓట్లు.

ఇక అదే చట్టం తొమ్మిదవ అధికరణం సంగతి. అంతరాత్మ ఒప్పకపోతే వైద్యుడు ఈ పని మానుకోవచ్చునన్నది. న్యాయమైన మాటే. కాని ఇటీవలి ప్రభుత్వ లెక్కల్లో స్త్రీవైద్యనిపుణులలో నూటికి అరవై మందికి పైగా దాన్ని వాడుకుంటున్నారు. వారందరూ ఆదివారం ప్రార్థనకు తప్పక పోయేవారేనా అని నా అనుమానం. దక్షిణాన మొలీజే ప్రాంతంలో కొన్నేళ్లపాటు ఈ పని చేసే వైద్యుడు ఒక్కడే మిగిలాడు. తన తరువాత ఆ పనికి మనిషి దొరకక పదవీ విరమణ వాయిదా వేసుకున్నాడు.