ఉద్దానం ఇళ్ల కప్పులపై యాంటెన్నా: ఉచిత టెలివిజన్ ప్రసార గ్రహణ చరిత్ర

తెలుగునాట టెలివిజన్ చరిత్ర ఇంతవరకు ప్రధానంగా ప్రసార కేంద్రాల చరిత్రగానే వ్రాయబడింది. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మక ప్రసారం, 1976 ఏప్రిల్ 1న ఆకాశవాణి నుండి దూరదర్శన్ వేరుపడడం, 1977 అక్టోబరు 23న హైదరాబాదు కేంద్రం ప్రారంభం కావడం, ఇవన్నీ పంపినవారి తేదీలు. అందుకొన్నవారి వైపునుండి ఇదే చరిత్రను పరిశీలించదలచినవారికి మొదట ఎదురయ్యే వస్తువు ఇంటి కప్పుమీది యాంటెన్నా. ప్రసార వ్యవస్థలో ప్రభుత్వం అమర్చక, గృహస్థు తన డబ్బుతో, తన చేతులతో, తన తెలివితో నిలబెట్టుకొన్న భాగం అదే. పలాస, టెక్కలి, ఉద్దానం తీరప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని ఆ భాగాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా భూగోళం. ఉద్యానవనం అన్న మాటనుండి ఏర్పడిందని చెప్పే ఉద్దానం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు తదితర మండలాలలో విస్తరించిన కొబ్బరి, జీడి, పనస తోటల నేల. వాయవ్యాన 1,501 మీటర్ల మహేంద్రగిరితో తూర్పు కనుమలు, ఆగ్నేయాన బంగాళాఖాతం, నడుమ ఇరుకైన మైదానం. ఆ మైదానం గుండానే మద్రాసు, కలకత్తాలను కలిపే రైలుమార్గమూ జాతీయ రహదారీ సాగుతాయి. వాయుమార్గాన కొలిస్తే పలాసనుండి విశాఖపట్నం సుమారు 170 కిలోమీటర్లు, బరంపురం సుమారు 70 కిలోమీటర్లు. టెక్కలి మరికొంత దక్షిణాన ఉన్నా విశాఖకు 140 కిలోమీటర్లకు పైబడిన దూరమే. ఈ అంకెలు ఇక్కడి టెలివిజన్ కథలో పాత్రల వంటివి.

రేడియో విషయంలో ఈ దూరాలు పెద్ద అడ్డంకి కాలేదు. 1963లో నెలకొన్న విశాఖ ఆకాశవాణి కేంద్రపు మధ్యతరంగాలు భూతలాన్ని అంటిపెట్టుకొని సాగుతాయి. ఉప్పునీరు వాటికి మంచి వాహకం. కనుక తీరం వెంబడి ఆ గొంతు చాలా దూరం వినిపించేది. టెలివిజన్ వాడుకొన్న వి.హెచ్.ఎఫ్. తరంగాల నడక వేరు. అవి దాదాపు చూపుమేర సాగి, భూమి వంపు వద్ద సన్నగిల్లిపోతాయి. 150 మీటర్ల ప్రసార స్తంభానికీ, 10 మీటర్ల ఎత్తున ఉన్న ఇంటి యాంటెన్నాకూ నడుమ నికరమైన గ్రహణానికి లెక్కప్రకారం హద్దు సుమారు 63 కిలోమీటర్లు. స్తంభాన్ని కొండమీద నిలిపితే ఆ హద్దు పెరుగుతుంది గాని, 170 కిలోమీటర్లకు చేరదు. అనగా విశాఖ, బరంపురాల నడుమ ఉద్దానం చాలావరకు తరంగచ్ఛాయలో ఉండిన ప్రాంతం. ఇక్కడి గృహస్థు యాంటెన్నాను అంత పట్టుదలతో ఎత్తుకు లేపడానికి కారణం ఈ లెక్కలోనే ఉంది. అయితే ఈ లెక్క ఉదారమైనది కాదు. ఇంటివైపు హద్దు ఎత్తుకు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. 4 మీటర్ల ఎత్తున ఉన్న యాంటెన్నా తనవంతుగా 8 కిలోమీటర్లను కలిపితే, దానిని 16 కిలోమీటర్లుగా రెట్టింపు చేయడానికి 16 మీటర్ల గొట్టం కావాలి. నాలుగింతల ఇనుముకు రెండింతల చూపు!

కృత్రిమ ఉపగ్రహం ద్వారా గ్రామాలకు టెలివిజన్ అందించిన 'సైట్' ప్రయోగం 1975 ఆగస్టు 1నుండి 1976 జులై 31వరకు ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలలో జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో దానికి ఎంపికైన పల్లెలు తెలంగాణ, కర్నూలు ప్రాంతాలవి. శ్రీకాకుళం తీరం ఆ పట్టికలో లేదు. 1982 ఆగస్టు 15న జాతీయ కార్యక్రమమూ వర్ణప్రసారమూ ఆరంభమైనాయి. 1983 ఆగస్టు 30న ఇన్సాట్-1బి అంతరిక్షానికి చేరింది. 1984లో దేశమంతటా దాదాపు రోజుకొకటి చొప్పున ప్రసారిణులు వెలిశాయి. వాటిలో అత్యధికం 100 వాట్ల అల్పశక్తి ప్రసారిణులు. ఉపగ్రహం నుండి ఢిల్లీ కార్యక్రమాన్ని అందుకొని, చుట్టూ పది పదిహేను కిలోమీటర్ల మేర వెదజల్లడం వాటి పని. అధికార పటంలో ఈ వలయాలు చక్కని వృత్తాలుగా కనిపిస్తాయి. నేలమీద వృత్తం అంచున ఉన్న ఊరికి బొమ్మ సగం, చుక్కలు సగం. ప్రసార సంస్థ లెక్కలో ఆ ఊరు 'అందిన' ఊరు కావచ్చు, కాకపోవచ్చు. ఆ సందేహాన్ని తీర్చుకొనే సాధనం యాంటెన్నాయే.

ఆ యాంటెన్నా నిర్మాణం జపానులోని తోహొకు విశ్వవిద్యాలయానికి చెందిన షింతారో ఉడా, హిదెత్సుగు యాగిలు 1926లో ప్రకటించినది. ఒక అడ్డుదండం మీద వరుసగా అల్యూమినియం పుల్లలు. వెనుకనున్న పొడవాటి పుల్ల తరంగాన్ని ముందుకు తిప్పికొడుతుంది. మధ్యనున్న మడత గొట్టం దానిని పట్టి తీగకు అందిస్తుంది. ముందున్న పొట్టి పుల్లలు దిక్కును నిర్దేశిస్తాయి. పుల్లల పొడవు ఛానల్‌ను బట్టి మారుతుంది. 61-68 మెగాహెర్ట్జ్‌ల నాలుగవ ఛానల్‌కు మడత గొట్టం సుమారు 2.2 మీటర్లుండాలి. 174-181 మెగాహెర్ట్జ్‌ల ఐదవ ఛానల్‌కు 80 సెంటీమీటర్లు చాలు. కనుక దూరంనుండి ఒక ఇంటి కప్పును చూసి, ఆ యింటివారు ఏ ఛానల్‌ను, ఏ దిక్కునుండి పట్టుకొంటున్నారో చెప్పవచ్చును. పాత ఛాయాచిత్రాలలో యాదృచ్ఛికంగా పడిన యాంటెన్నాలు చరిత్రకారునికి ఈ విధంగా శాసనాలవలె పనికివస్తాయి. మన పరిశోధకులు వాటిని చదవడం ఇంకా మొదలుపెట్టలేదనే చెప్పాలి.

యాంటెన్నాను నిలబెట్టడం కొనడంకంటె పెద్ద పని. డాబా ఇల్లయితే పిట్టగోడకు ఇనుప గొట్టాన్ని బిగించేవారు. తాటాకు ఇంటికీ పెంకుటింటికీ ఆ ఆధారం లేదు గనుక పెరట్లో వెదురుగడ పాతి, మూడువైపులా తీగలు లాగి కట్టవలసివచ్చేది. కొబ్బరిచెట్టు ఎత్తైనదే గాని దానికి కట్టిన యాంటెన్నా గాలితోపాటు ఊగుతుంది, దానితో బొమ్మా ఊగుతుంది. పిడుగు భయం వేరు. తీరానికి దగ్గరయ్యేకొద్దీ మరో శత్రువు ఉప్పుగాలి. రాగితీగ అల్యూమినియం గొట్టాన్ని తాకే చోట ఉప్పుతేమ చేరితే అల్యూమినియం తినివేయబడి, తెల్లని పొడి పేరుకొంటుంది. సంధి వదులై బొమ్మ మసకబారుతుంది. లోపలి ఊరిలో ఏళ్లతరబడి చెక్కుచెదరని అమరిక సముద్రపు ఒడ్డున తరచు విప్పి, గీకి, మరల బిగించవలసినదయ్యేది. మరమ్మతు విద్య ఇంటింటా వ్యాపించడానికి ఈ తుప్పు కారణమని నా అభిప్రాయం.

ఈ పనిలో ఒక సంభాషణ రూపం కూడ ఏర్పడింది. పైన ఒకరు గొట్టం తిప్పుతారు, గుమ్మంలో ఒకరు మాట అందిస్తారు, లోపల ఒకరు తెర చూస్తారు. "వచ్చినాదా?" అని పైనుండి కేక, "రాలేదు, ఇంకొంచెం అటు" అని క్రిందినుండి జవాబు. ఈ 'వచ్చినాది' అన్న కళింగాంధ్ర క్రియారూపానికి కర్త 'బొమ్మ'. సినిమాహాలు పరిభాషలోని 'బొమ్మ పడడం' ఇంటిలోకి వచ్చి 'బొమ్మ రావడం' అయింది. సాంకేతిక నిఘంటువులు సూచించిన 'చిత్రం', 'గ్రాహకం', 'ప్రసారిణి' ఏవీ మిద్దె ఎక్కలేదు. పుల్లలు, గొట్టం, చుక్కలు, నీడబొమ్మ వంటి మాటలతోనే ఆ శాస్త్రమంతా నడిచింది. నీడబొమ్మ అన్నది భౌతికశాస్త్ర దృష్టితో కూడ సరియైన మాట. కొండకు తగిలి ఆలస్యంగా వచ్చిన తరంగం తెరపై అసలు బొమ్మకు ప్రక్కగా రెండవ బొమ్మను వేస్తుంది. కనుమలు దాపున ఉన్న పలాస, మందస వంటి చోట్ల ఈ దోషానికి అవకాశం ఎక్కువ.

దిక్కు ప్రశ్న భాషాప్రశ్న కూడ. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి అటువైపు చేరాయి. పర్లాకిమిడిలో జీవితకాలం గడిపిన గిడుగు రామమూర్తి పంతులు ఆ ఏడే ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరిన సంగతి తెలుగు సాహిత్య విద్యార్థులకు తెలిసినదే. ఆ సరిహద్దు తరంగాలకు వర్తించదు. ఇచ్ఛాపురానికి బరంపురం వాయుమార్గాన పాతిక కిలోమీటర్ల లోపు, సోంపేటకు యాభై కిలోమీటర్ల లోపు. విశాఖ మాత్రం వాటికి మరీ దూరం. తెలుగు ఇంటి యాంటెన్నాకు దగ్గరి దిక్కు ఈశాన్యం, మనసున్న దిక్కు నైరుతి. ఒడియా ఇళ్లలో మాట్లాడే కుటుంబాలు గల ఈ సరిహద్దు ఊళ్లలో ఈ వైరుద్ధ్యం అందరికీ ఒకే తీరున ఉండదు. ఇక అల్పశక్తి ప్రసారిణి అందించిన జాతీయ కార్యక్రమం ప్రధానంగా హిందీలో సాగేది. 1987 జనవరి 25న ఆరంభమైన 'రామాయణ్', 1988 అక్టోబరు 2న ఆరంభమైన 'మహాభారత్' ధారావాహికలను కథ ముందే తెలిసిన జనం భాష తెలియకపోయినా చూశారు. ఆదివారం ఉదయం బొమ్మ ఉన్న ఇంటి అరుగు నిండిపోవడం దేశమంతటా ఉన్న అనుభవమే. ఇక్కడ దానికి తోడు, ఆ ఉదయానికి ముందే యాంటెన్నాను సరిచేసి ఉంచవలసిన బాధ్యత ఆ ఇంటి కుర్రవాడిపై పడేది.

అప్పుడప్పుడు సముద్రం తానే వార్తాహరి అయ్యేది. వేసవిలో వెచ్చని నీటిపై గాలిపొరలు తలక్రిందులైనప్పుడు వి.హెచ్.ఎఫ్. తరంగాలు వాటి నడుమ చిక్కి వందల కిలోమీటర్లు సాగగలవు. తమిళనాడు తీరంలో శ్రీలంక రూపవాహిని కనిపించడానికి ఇటువంటి స్థితులు తోడ్పడ్డాయి. బంగాళాఖాతపు ఒడ్డునంతటా ఇదే భౌతిక ధర్మం పనిచేస్తుంది. అందువల్లనే తీరవాసి అనుభవంలో టెలివిజన్ గ్రహణం ఋతుధర్మం గల విషయం.

'ఉచితం' అన్న మాటను ఇక్కడ కొంత విచారించాలి. రేడియోకువలెనే టెలివిజన్ పెట్టెకు కూడ తపాలా కార్యాలయంలో లైసెన్సు రుసుము చెల్లించవలసిన నియమం 1985లో రద్దయింది. అంతకుముందు గాలిలోని బొమ్మకు ప్రభుత్వం వెల కట్టింది. ఆ తరువాత కట్టలేదు. అయితే గొట్టం, తీగ, బూస్టరు, మరమ్మతు, కరెంటు లేనప్పుడు నడపడానికి 12 వోల్టుల బ్యాటరీ, ఇవన్నీ గృహస్థు చెల్లించిన వెలలే. జీడిపప్పు బట్టీలలో కూలి చేసుకొనే కుటుంబానికి ఈ అమరిక చిన్న ఖర్చు కాదు. ఎదుటి ఇంట చూడడం మాత్రం నిజంగా ఉచితం.

తుపానుల తీరంలో ఈ గ్రహణానికి వినోదాన్ని మించిన ప్రయోజనం ఉంది. ఇన్సాట్-1బి సాయంతో 1980లలోనే కోస్తా ఆంధ్రలో, తమిళనాడు ఉత్తర తీరంలో ప్రత్యేక తుపాను హెచ్చరిక గ్రాహకాలు నెలకొల్పబడ్డాయి. అవి ప్రభుత్వ కార్యాలయాలలో ఉండేవి. ఇంటికి మాత్రం రేడియో, టెలివిజనే దిక్కు. ఇందులో ఒక చిక్కు దాగి ఉంది. తుపాను వార్త అందవలసిన వేళకే గాలి పెరుగుతుంది. గాలి పెరిగితే గడమీది యాంటెన్నా దిక్కు మారుతుంది, లేదా పడిపోతుంది. జాగ్రత్తపరుడు దానిని ముందే దించి పెడతాడు. దించితే బొమ్మ లేదు. అందుచేత చివరి గంటలలో బ్యాటరీ రేడియో ఒక్కటే మిగిలేది. ఈ పరిమితిని దృష్టిలో ఉంచుకోకుండా టెలివిజన్ వ్యాప్తిని హెచ్చరికల వ్యాప్తిగా లెక్కించిన అభిప్రాయాలు సవరించుకోదగినవి.

2004 డిసెంబరు 16న 'డి.డి. డైరెక్ట్ ప్లస్' ఆరంభం కావడంతో నెలసరి రుసుము లేని ప్రసారం ఉపగ్రహం నుండి నేరుగా ఇంటికి చేరసాగింది. 2014లో దాని పేరు 'డి.డి. ఫ్రీ డిష్' అయింది. యాంటెన్నా రూపమూ చూపూ మారిపోయాయి. పుల్లల స్థానంలో గొడుగువంటి పళ్లెం వచ్చింది. తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల వద్దనున్న ఉపగ్రహాన్ని పలాసనుండి చూడాలంటే పళ్లెం దక్షిణానికి కొంత తూర్పుగా తిరిగి, సుమారు 65 డిగ్రీలు పైకి చూడాలి. అంటే ఇంచుమించు సముద్రం వైపు, నడినెత్తికి కొంచెం దిగువగా. అంత నిటారు చూపుకు కొండలు అడ్డురావు, దూరం లెక్కలోకే రాదు. ఇచ్ఛాపురానికీ టెక్కలికీ ఒకే బొమ్మ. విశాఖ, బరంపురాల నడుమ తరంగచ్ఛాయ ఆ విధంగా తొలగిపోయింది. కాని పళ్లేనికి కొబ్బరి మట్ట ఒక్కటి అడ్డువచ్చినా బొమ్మ నిలిచిపోతుంది. ఉద్దానంలో కొబ్బరి లేని ఆకాశం వెదుక్కోవడం తేలిక కాదు. జోరువాన కురిసినప్పుడు కూడ ఈ హ్రస్వతరంగాలు సన్నగిల్లుతాయి. పూర్వం చెడిన బొమ్మ చుక్కలతోనైనా కనిపించి, మాట వినిపించేది. ఇప్పటి అంకాత్మక బొమ్మ ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకుంటే అసలు ఉండదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను గంటకు 140-150 కిలోమీటర్ల వేగంతో పలాస సమీపాన తీరం దాటింది. కొబ్బరి, జీడి, పనస తోటలు నేలకొరిగాయి. కరెంటు స్తంభాలు కూలిపోగా పల్లెలు రోజుల తరబడి చీకటిలో ఉన్నాయి. అటువంటి వేళ కప్పుమీది పళ్లెం నిలిచి ఉన్నా పెట్టెకు ప్రాణం లేదు.

భూతల అనలాగ్ ప్రసారిణులను ప్రసార భారతి దశలవారీగా మూసివేసింది. 2022 మార్చి 31నాటికి వ్యూహాత్మక ప్రాంతాలలోని సుమారు 50 మినహా మిగిలినవాటిని నిలిపివేయాలని నిర్ణయించుకొంది. వాటి స్థానంలో డి.వి.బి.-టి2 పద్ధతిలో అంకాత్మక భూతల ప్రసారం 2016 ఫిబ్రవరిలో 16 నగరాలలో ఆరంభమైంది. ఆ పట్టికలో తెలుగు రాష్ట్రాల నగరం ఒక్కటీ లేదు. ఉద్దానానికి దగ్గరగా ఉన్నది కటకం. అది పలాసకు రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరం. మునుపటి సూత్రం ప్రకారం ఏ గడ కట్టినా అందనిది. పుల్లలు ఊడిన ఇనుప గొట్టాలు కొన్ని మిద్దెలపై ఇంకా బిగించే ఉన్నాయి. బట్టలారవేసే తీగకు ఒక కొసగానో, కొత్త పళ్లేనికి ఆధారంగానో అవి పనికివస్తున్నాయి.