పని పోయినా పరువు మిగిలిన ఖడ్గం: చైనా జియెన్ కథ



మన తెలుగులో కూరగాయలు తరిగేదీ కత్తే, మంగలి చేతిలో ఉండేదీ కత్తే, రాజుగారి నడుముకు వేలాడేదీ కత్తే. కావ్యాలలో ఖడ్గమనీ, వాలనీ, కరవాలమనీ ఎన్ని పేర్లున్నా వాడుకలో నోటికి వచ్చేది కత్తి ఒక్కటే. పక్కనున్న తమిళంలో వాళ్ అంటే యుద్ధానికి పనికివచ్చేది, కత్తి అంటే మామూలుగా ఇంట్లో ఉండేది. రెండు భాషల మధ్య బతికే మన సరిహద్దు ఊళ్ళవారి చెవికి ఇలాంటి తేడాలు త్వరగా తగులుతాయి. చైనా భాషలో ఈ విభజన ఇంకో రకంగా ఉంది. ఒకవైపే పదునున్నది దావ్. వంటింటి కత్తి కూడా దావే. రెండు వైపులా పదునుండి, నిటారుగా సాగి, కొసన మొనదేలినది జియెన్. ఈ రెండవదాని గురించే ఈనాటి ప్రసంగం.

ఆ దేశపు కథలలో, చిత్రాలలో, సినిమాలలో గౌరవమంతా జియెన్‌దే. పండితుడి గోడకు వేలాడేది అదే, దేవతల చేతిలో కనిపించేది ఎక్కువగా అదే. దావ్ సిపాయి చేతి పనిముట్టు. కానీ చరిత్ర తిరగేస్తే ఒక విచిత్రం కనబడుతుంది. యుద్ధరంగంలో జియెన్ పని సుమారు పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటే చాలావరకు ముగిసింది. పని పోయాక దాని పరువు తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. ఆ పరువు నీడలో అసలు కత్తి విద్య ఏమైందన్నది నేడు సాధన చేసేవారికీ, పాత కత్తులు సేకరించేవారికీ ముఖ్యమైన ప్రశ్న.

మొదట కంచు కాలానికి వెళదాం. 1965 డిసెంబరులో హుబెయ్ రాష్ట్రంలో జియాంగ్‌లింగ్ దగ్గర ఒక పాత సమాధిని తవ్వుతున్నారు. శవపేటికలో అస్థిపంజరం పక్కన లక్క పూసిన కర్ర ఒరలో ఒక కత్తి దొరికింది. పొడవు 55 సెంటీమీటర్ల పైచిలుకు, అంటే రెండడుగులకు కాస్త తక్కువ. ఒర నుంచి లాగితే పచ్చటి చిలుము బదులు మెరుపు కనబడింది. అలుగు నిండా నల్లటి డైమండు గళ్ళు అల్లినట్టుగా ఉన్నాయి. పిడికీ అలుగుకూ మధ్యనున్న అడ్డులో ఒక పక్క నీలి గాజు, రెండో పక్క పచ్చనీలపు రాళ్ళు పొదిగారు. అలుగు మీద పక్షుల ఆకారంలో వంపులు తిరిగిన ఎనిమిది అక్షరాలు. ఆరు అక్షరాలు త్వరగానే చదివారు. యుయె దేశపు రాజు తన వాడకానికి తానే చేయించుకున్న కత్తి అని తేలింది. మిగిలిన రెండక్షరాలు రాజు పేరు. ఆ దేశానికి రాజులు చాలామంది. పండితుల మధ్య ఉత్తరాలు నడిచాయి, వాదనలు జరిగాయి. చివరికి ఆ పేరు గౌజియెన్ అని నిర్ణయించారు.

ఈ గౌజియెన్ చైనా పిల్లలందరికీ తెలిసిన రాజు. క్రీస్తు పూర్వం 494లో పొరుగున ఉన్న వు దేశపు రాజు ఫుచాయ్ చేతిలో ఓడిపోయాడు. తిరిగి తన గడ్డకు చేరాక, ఆ అవమానం మరచిపోకుండా ఉండేందుకు పిత్తాశయాన్ని దగ్గర వేలాడదీసుకుని, అన్నం ముందు దాని చేదు నాకేవాడని కథ. కట్టెల మీద పడుకునేవాడన్నది తరువాతివారు చేర్చిన మాట. ఇరవై ఏళ్ళు ఓపిక పట్టి 473లో వు రాజ్యాన్నే తుడిచిపెట్టాడు. తమాషా ఏమంటే, 1983లో అదే జియాంగ్‌లింగ్ ప్రాంతంలో ఫుచాయ్ పేరు చెక్కిన బల్లెపు మొన కూడా దొరికింది. ఇరవై నాలుగు వందల ఏళ్ళు దాటాక ఆ ఇద్దరు శత్రువుల ఆయుధాలు వుహాన్ నగరంలోని హుబెయ్ మ్యూజియంలో ఒకే కప్పు కిందికి చేరాయి. రెండూ దొరికింది వారి దేశాలలో కాదు, పాతకాలపు చు దేశపు నేలలో. కట్నంగా వచ్చిందా, దోపిడిలో వచ్చిందా అని పండితులు ఇంకా తర్కిస్తూనే ఉన్నారు.

కంచు కత్తికి ఒక ఇబ్బంది ఉంది. రాగిలో తగరం ఎక్కువ కలిపితే గట్టిపడుతుంది, పదును నిలుస్తుంది. కానీ పెళుసవుతుంది, దెబ్బకు విరుగుతుంది. తగరం తగ్గిస్తే విరగదు, వంగుతుంది. దక్షిణ చైనా పోతపనివారు దీనికొక ఉపాయం కనిపెట్టారు. తగరం తక్కువ వేసిన కంచుతో నడుమ వెన్నును ముందు పోతపోసి, దానికి రెండు వైపులా తగరం ఎక్కువున్న కంచుతో అంచులు పోసేవారు. రెండు రంగులు కనిపించే ఇటువంటి కత్తులు చాలా దొరికాయి. గట్టిదనం అంచుకు, ఓర్పు వెన్నుకు. ఈ ఆలోచన తరువాత ఉక్కు కత్తులలోనూ వేరే రూపంలో వస్తుంది, గుర్తు పెట్టుకోండి.

కంచు కత్తి పొడుగు పెరిగినకొద్దీ కొత్త చిక్కులు వచ్చాయి. క్రీస్తు పూర్వం 227లో జరిగిన సంగతి చరిత్రకారుడు సిమా చియెన్ రాసిపెట్టాడు. జింగ్ కె అనేవాడు చిన్ దేశపు రాజును చంపడానికి దూత వేషంలో వచ్చాడు. చుట్టిన పటంలో విషం పూసిన బాకు దాచాడు. పటం విప్పుతూ విప్పుతూ చివర బాకు బయటపడగానే రాజు చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి చిరిగింది, రాజు తప్పించుకున్నాడు. కానీ నడుముకున్న కత్తి మరీ పొడుగు, ఒరలోంచి రాదు! రాజు స్తంభాల చుట్టూ పరుగు, వెనక హంతకుడు. సభలో ఆయుధం పట్టకూడదని నియమం ఉండటంతో కొలువువారంతా వట్టి చేతులతో నిలబడ్డారు. రాజవైద్యుడు చేతిలోని మందుల సంచీ విసిరాడు. ఇంతలో ఎవరో కత్తిని వీపు మీదికి తిప్పుకోమని అరిచారు. అలా తిప్పుకుని లాగాడు, జింగ్ కె తొడ నరికాడు. ఆ రాజే ఆరేళ్ళ తరువాత చైనాకు మొదటి చక్రవర్తి అయ్యాడు. ఈ కథలో నాకు అన్నిటికన్నా నమ్మదగినదిగా తోచేది కత్తి ఒరలోంచి రాకపోవడమే. కల్పించేవాడు రాజుకు ఇంత అవమానకరమైన ఇబ్బంది పెట్టడు.

ఆ చక్రవర్తి సమాధి దగ్గర, షియాన్ నగర సమీపంలో, 1974లో మట్టి సైనికుల గుంటలు బయటపడ్డాయి. అందులో తొంభై సెంటీమీటర్ల వరకూ పొడవున్న కంచు జియెన్‌లు ఉన్నాయి. కొన్ని నిన్న మొన్న చేసినట్టుగా ఉన్నాయి. వాటి మీద క్రోమియం ఆనవాళ్ళు దొరకడంతో, రెండు వేల ఏళ్ళ కిందటే తుప్పుపట్టని క్రోమియం పూత కనిపెట్టారని పుస్తకాలలో, పత్రికలలో చాలాకాలం రాశారు. 2019లో చైనా, బ్రిటన్ పరిశోధకులు కలిసి వందలాది ఆయుధాలను పరీక్షించి ఆ మాట సరికాదని తేల్చారు. క్రోమియం పక్కనున్న లక్క పూతల నుంచి అంటింది. కత్తులను కాపాడింది అక్కడి మట్టి స్వభావమూ, కంచులోని తగరమూ. మన పాఠాలలో కూడా పాత వింతలు ఒకసారి చేరితే తీసివేయడం ఎంత కష్టమో ఉపాధ్యాయులకు తెలుసు.

ఇక హాన్ రాజుల కాలం. క్రీస్తు పూర్వం 206 మొదలు క్రీస్తు శకం 220 వరకు. ఇనుము, ఉక్కు బాగా వాడుకలోకి వచ్చాయి. ఉత్తరాన షియుంగ్నూలనే గుర్రపు తెగలతో పోరాటం. చైనా సేనలోనూ గుర్రపు దళం పెరిగింది. గుర్రం మీద పరుగులో ఉన్నవాడు పొడవడం కన్నా నరకడం ఎక్కువ. నరికే కత్తికి రెండో అంచు అవసరం లేదు. ఆ వైపు మందంగా వదిలేస్తే కత్తి బలంగా ఉంటుంది, చేయడమూ సులువు, ఖర్చూ తక్కువ. పిడి చివర కడియం ఉన్న నిటారు దావ్ సైన్యానికి నచ్చింది. హాన్ కాలం ముగిసేసరికి మామూలు సిపాయి చేతిలోంచి జియెన్ చాలావరకు జారిపోయింది.

అప్పటికి రాజు మొదలు ఉద్యోగుల వరకు అందరూ జియెన్ ధరించడం ఆచారమైపోయింది. మరి యుద్ధానికి పనికిరాని కత్తి కొలువులో ఎందుకు? జిన్ రాజుల కాలం వచ్చేసరికి, అంటే మూడవ శతాబ్దం తరువాత, కొలువులో ధరించే కత్తిని కర్రతో చేయించడం మొదలుపెట్టారు. ఆ వంశపు చరిత్ర గ్రంథమే ఈ మాట చెబుతోంది. నడుముకు ఒర ఉంది, పిడి ఉంది, లోపల ఉన్నది కట్టె! జియెన్ జీవితంలో ఇంతకన్నా పెద్ద మలుపు లేదని నా అభిప్రాయం. ఆయుధం ఆభరణమైంది. తావో మతపు పూజారులు దయ్యాలను తరిమేందుకు పీచుచెట్టు కర్రతో చేసిన జియెన్ పట్టారు. థాంగ్ యుగంలో అది నాట్యంలోకి వచ్చింది. గొంగ్‌సున్ అనే నర్తకి కత్తి నాట్యాన్ని చిన్నతనంలో చూసిన మహాకవి దు ఫు, ముసలితనంలో, 767లో, ఆమె శిష్యురాలి నాట్యం చూసి పద్యం రాశాడు. అదే యుగంలో పెయ్ మిన్ అనే సేనాని కత్తి నాట్యాన్ని లి బాయ్ కవిత్వంతోనూ, జాంగ్ షు దస్తూరితోనూ సమానంగా ఎంచారు.

గౌరవం సరే, విద్య సంగతేమిటి? మింగ్ యుగపు పుస్తకాలు కాస్త ఇబ్బంది పెడతాయి. పదహారవ శతాబ్దపు సేనాని యు దాయౌ రాసిన ప్రసిద్ధ గ్రంథం పేరు "జియెన్ శాస్త్రం". తెరిచి చూస్తే లోపలున్నది కర్రసాము! జియెన్ అన్న మాటకు ఉన్న పరువు అటువంటిది. మరొకరు మావ్ యువాన్‌యి. 1621లో 240 భాగాల బృహత్తర యుద్ధ గ్రంథాన్ని సమకూర్చాడు. పూర్వపు జియెన్ విద్య చైనాలో అంతరించిందని ఆయన ఒప్పుకున్నాడు. దాని పద్ధతి ఒకటి కొరియాలో దొరికిందని చెప్పి, బొమ్మలతో సహా తన గ్రంథంలో చేర్చాడు. పుట్టింట పోయిన సొమ్ము పొరుగూళ్ళో దొరికినట్టు. 1790లో కొరియా రాజు ఆజ్ఞతో తయారైన యుద్ధవిద్యా గ్రంథంలోనూ మావ్ యువాన్‌యి పేరు కనిపిస్తుంది. కాబట్టి మా గురువుల విద్య మూడు వేల ఏళ్ళుగా తెగకుండా వస్తోందని ఎవరైనా చెబితే, మర్యాదగా విని, మనసులో 1621 అనుకోవడం మంచిది.

అంతమాత్రాన అంతా బూటకమనీ కాదు. చింగ్ యుగంలో, అంటే 1644 తరువాత, అధికారులు, ఊరి కాపలాదారులు, యుద్ధవిద్యల గురువులు నిజమైన ఉక్కు జియెన్‌లు చేయించుకున్నారు, వాడారు. వీటి పనితనం గొప్పది. నడుమ గట్టి ఉక్కు రేకు పెట్టి, రెండు వైపులా మెత్తని ఇనుము అతికి సాగగొట్టేవారు. అంచు దగ్గర లోపలి ఉక్కు బయటికి వస్తుంది. చూశారా, కంచు కాలపు ఆలోచనే ఇంకో దారిలో వచ్చింది. అలుగు సుమారు 70 సెంటీమీటర్లు, మొత్తం బరువు తరచు కిలోకు లోపే. పిడి దగ్గర మందంగా ఉండి, మొన వైపు పోయేకొద్దీ వెడల్పూ మందమూ రెండూ తగ్గుతాయి. అందుకే చేతిలో బరువు ముందుకు లాగదు. పిడి దగ్గరి భాగం ఎదుటి దెబ్బ ఆపడానికి. అక్కడ పదును అంతగా పెట్టరు. మొన దగ్గరి భాగమే పొడవడానికి, మణికట్టు కోయడానికి. దావ్ వంద రోజులలో వస్తే జియెన్‌కు పది వేల రోజులు కావాలని అక్కడివారు అనేది ఈ మణికట్టు పని కోసమే.

సేకరించేవారు తెలుసుకోవలసిన పేరు లుంగ్‌చ్వాన్. జెజియాంగ్ రాష్ట్రంలోని ఊరు. ఓ యెజి అనే ప్రాచీన కమ్మరి అక్కడ కత్తులు చేశాడని ఐతిహ్యం. అసలు పేరు లుంగ్‌యువాన్. థాంగ్ వంశ స్థాపకుడి పేరులో యువాన్ ఉన్నందున, ఆ మాట పలకకూడదని పేరు మార్చారు. అక్కడి కత్తి పనిని 2006లో చైనా ప్రభుత్వం జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే పేరు పెరిగాక ఎక్కడ చేసిన కత్తి మీదనైనా లుంగ్‌చ్వాన్ అని చెక్కడం మామూలైంది. ఒక పక్క డ్రాగన్, ఒక పక్క పక్షి, సప్తర్షి మండలం గుర్తుగా ఏడు ఇత్తడి చుక్కలు, ఇవన్నీ ఉన్న కత్తులు వంద ఏళ్ళ కిందట యాత్రికుల కోసం కుప్పలుగా తయారయ్యాయి. అందుచేత తెలిసినవారు చెక్కిన అక్షరాలు చివర చూస్తారు. ముందు చూసేది అలుగు మందం మొన వైపు తగ్గుతోందా, అంచున ఉక్కు, ఇనుము అతుకు గీత కనబడుతోందా అని. నల్లబడిన తుప్పు చూసి పాతదనుకోకూడదు. ఆమ్లంతో తుప్పు పట్టించడం ఒక రాత్రి పని. కంచు జియెన్ ఎవరైనా అమ్మజూపితే అది నకిలీ అయినా కావాలి, సమాధి దోచిన సొత్తయినా కావాలి. రెండింటికీ దూరంగా ఉండటమే మేలు.

సాధన చేసేవారి సంగతి వేరు. 1957లో చైనా క్రీడాశాఖ తాయ్‌చీ జియెన్‌ను 32 కదలికలుగా కుదించి అందరికీ అందుబాటులోకి తెచ్చింది. పార్కులలో పెద్దవాళ్ళు పొద్దున్నే చేసేది అదే. 1990 బీజింగ్ ఆసియా క్రీడలలో వుషు పోటీ అంశమైంది. పోటీ కోసం అలుగు పలచబడింది. మణికట్టు విదిలిస్తే రేకులా వణికి చప్పుడు చేస్తుంది. సినిమాలో వంగి లేచేది ఆ కత్తే. చూడటానికి బాగుంటుంది, ఒంటికి మంచి వ్యాయామం కూడా. పాత పద్ధతి నేర్వాలనుకునేవారు మాత్రం ఇటీవల చింగ్ కాలపు అసలు కత్తులను తూచి, కొలిచి, అదే తూకంతో కొత్తవి చేయించుకుంటున్నారు. అటువంటిది చేతికి వచ్చాక కొన్ని కదలికలు కుదరవు, పలచటి కత్తితో అర్థం కాని మరికొన్ని కదలికలకు అర్థం తెలుస్తుంది.

గౌజియెన్ కత్తి మాట మిగిలింది. 1994లో ప్రదర్శన కోసం సింగపూర్ వెళ్ళినప్పుడు దాని అంచు దెబ్బతిని చిన్న పగులు వచ్చింది. 2013లో దేశం దాటకూడని వస్తువుల పట్టికలో దానిని చేర్చారు. ఇప్పుడు చూడాలంటే వుహాన్ వెళ్ళాలి.