కొన్న విమానానికి చేసిన మార్పులు: ఏది పంచుకోవచ్చు?

ధూల్‌పేట్‌లో కొన్న పతంగి మనదే. తోక కట్టి పక్కింటి పిల్లాడికి ఇచ్చేయొచ్చు. ఫ్లైట్ సిమ్యులేటర్ కోసం డబ్బు పెట్టి కొన్న విమానం అలా కాదు. కట్టిన డబ్బు వాడుకునే అనుమతికి, అంటే ఇజాజత్‌కే. హక్కులు తయారీ కంపెనీ దగ్గరే ఉంటాయి.

పిల్లలు పొరబడేది ఇక్కడే. ఒక్క ఫైల్ మార్చి, విమానం ఫోల్డర్ మొత్తం జిప్ చేసి గ్రూపులో పెట్టేస్తారు. ఫ్రీగా ఇచ్చినా అది కాపీయే. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 63 ప్రకారం, తెలిసి చేసిన ఉల్లంఘనకు 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల జరిమానా. వ్యాపార లాభం కోసం కాకపోతే, తగిన కారణాలు చూపి కోర్టు శిక్ష తగ్గించవచ్చు. కానీ కేసు కేసే.

సొంతంగా తయారుచేసిన కొత్త ఫైళ్లనే ఇవ్వాలి. కంపెనీ ఫైల్‌లో ఒక లైన్ మారిస్తే ఫైల్ పంపక్కర్లేదు, 'ఫలానా లైన్ ఇలా మార్చుకోండి' అని రాస్తే చాలు. అసలు విమానం కొన్నవాళ్లకే అది పనికొస్తుంది. విమానం రంగుల డిజైన్ కంపెనీ ఇచ్చిన పెయింట్ కిట్‌తో చేస్తే ఆ కిట్ షరతులూ చదవాలి. అనుమానముంటే కంపెనీకి మెయిల్ పెట్టి, జవాబు దాచుకోవాలి.

ఇంత తలనొప్పి వద్దనుకుంటే ఫ్లైట్‌గేర్ ఉంది. జీపీఎల్ లైసెన్స్‌తో వచ్చే ఆ సిమ్యులేటర్‌ను మార్చి, అదే లైసెన్స్ కింద సోర్స్ కోడ్‌తో సహా పంచవచ్చు.