మర్ఫా: హైదరాబాద్ సిద్దీల దరువు, దాని బృందాలు

మర్ఫా హైదరాబాద్‌లో పెళ్లి ఊరేగింపుల ముందు నడుస్తూ వాయించే దరువుల మేళం. ఆ మేళంలోని ఒక వాద్యం పేరూ అదే. ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు, యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన చావుష్ అరబ్బులు దీన్ని దక్కనులో పాదుకొల్పారు. నిజాం సైన్యంలో పనిచేసిన ఈ రెండు సమూహాల వారసులు ఏసీ గార్డ్స్, బార్కస్ వంటి పేటల్లో నేటికీ దీన్ని వాయిస్తున్నారు. తెలుగునాట పెళ్లిళ్లలో, జాతరల్లో అందరి కాళ్లనూ కదిలించే తీన్మార్ ఈ మేళం నుంచే జనంలోకి వచ్చిందన్నది విస్తృతంగా అంగీకరించిన మాట. పోషించిన రాజ్యం పోయింది, వాయించిన తరాలు గతించాయి, ఊరేగింపుల దారులు మారాయి. అయినా మేళం ఆగలేదు. ఎందుకు ఆగలేదో దాని చరిత్ర చూస్తే తెలుస్తుంది. మర్ఫాను ఇన్నాళ్లు నిలబెట్టింది రాజాదరణ ఒక్కటే కాదు, వంశాభిమానం ఒక్కటే కాదు. జనం ముందు నడిచి వాయించే పని దానికి ఎప్పుడూ దొరుకుతూ వచ్చింది. ఇవాళ చిక్కులో పడిందీ ఆ పనే.

మూలాలు

దక్కనులో ఆఫ్రికన్ల ఉనికి నిజాంల కంటే చాలా పాతది. ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి, చివరికి అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపించిన మలిక్ అంబర్ (1548–1626) మొగలులను ఏళ్ల తరబడి నిలువరించాడు. హైదరాబాద్‌లో హబ్సిగూడ, సిద్దిఅంబర్ బజార్ అనే పేర్లు ఈ సమూహం జ్ఞాపకాలే. అయితే మర్ఫా చరిత్రకు నేరుగా సంబంధించినది అసఫ్‌జాహీల (నిజాంల) కాలంలోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే ఆశ్విక దళం. వనపర్తి సంస్థానం పెంచిన ఆఫ్రికన్ దళం 19వ శతాబ్దంలో నిజాం కొలువుకు చేరిందని సిద్దీల చరిత్రలో చెప్పుకుంటారు. మాసబ్ ట్యాంకు పక్కన ఆ దళం కాపురమున్న చోటే నేటి ఏసీ గార్డ్స్ పేట. ఇక హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సైనికుల నివాసం బార్కస్. దక్కను హబ్షీల (ఆఫ్రికన్ మూలాలవాళ్ల) గురించి చరిత్రకారుడు ఒమర్ ఖాలిదీ రాశారు. హైదరాబాద్ సిద్దీల జీవితంపై అబాబు మిండా యిమెనె పుస్తకం 2004లో వచ్చింది.

మర్ఫా ఆఫ్రికా సొత్తా, అరబ్బుల సొత్తా అన్న వాదన తరచూ వినిపిస్తుంది. వాద్యం పేరూ, దానితో కలిసి సాగే కత్తి నాట్యమూ అరబ్బుల వైపు చూపిస్తాయి, దరువుల అల్లిక తూర్పు ఆఫ్రికా వైపు చూపిస్తుంది. ఈ రెంటిలో ఒకదాన్ని ఎంచుకోవాలనుకోవడమే పొరపాటు. హిందూ మహాసముద్రం మీద ఓడలు శతాబ్దాల పాటు తూర్పు ఆఫ్రికా, యెమెన్, గుజరాత్, కొంకణ తీరాల మధ్య తిరిగాయి. హద్రమౌత్‌లోనే ఆఫ్రికన్ మూలాలవాళ్లు ఉన్నారు. హైదరాబాద్ చేరేసరికే ఆ సంగీతం ఒకసారి కలిసిపోయి ఉంది, ఇక్కడ మరోసారి కలిసింది. గుజరాత్‌లో రతన్‌పూర్ దగ్గరి బావా గోర్ దర్గాను ఆశ్రయించుకున్న సిద్దీల దరువు నాట్యం ధమాల్‌తో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ దరువు దర్గా భక్తిలో భాగంగా నిలిచింది. హైదరాబాద్‌లో అది సైనికుల కొలువు నుంచి నేరుగా వీధిలోకి, పెళ్లి వేడుకలోకి వచ్చింది. మూలం ఎక్కడిదైనా, మర్ఫాకు ఈ రూపం వచ్చింది హైదరాబాద్ వీధుల్లోనే.

వాద్యాలు, వాయించే తీరు

మేళంలో మెడకు తగిలించుకుని పుల్లలతో వాయించే చిన్న నగారా లాంటి మర్ఫా, అరచేతితో వాయించే దఫ్, డోలు, స్టీలు బిందె, థాపీ అనే చెక్క బద్దలు ఉంటాయి. రాగం పలికించే వాద్యాలకు ఇందులో పెద్ద చోటు లేదు. కథంతా కొలతదే. ఒకరు దరువును గట్టిగా పట్టుకుంటే ఇంకొకరు ఆ దెబ్బల మధ్య ఖాళీలను నింపుతారు, మూడో మనిషి బిందె మీద సన్నని ఎదురు దెబ్బలు వేస్తాడు. ఎవరి దెబ్బ విడిగా విన్నా అది అసంపూర్ణంగానే ఉంటుంది. అందరివీ కలిస్తేనే దరువు అవుతుంది. మూడు దెబ్బల చుట్టు తీన్మార్. బరాత్ (పెళ్లి ఊరేగింపు) నడిచినంతసేపూ వేగం ఒక తీరుగా ఉంటుంది. మలుపు దగ్గర వాద్యకారులు ఆగి అర్ధచంద్రాకారంగా నిలబడతారు. చూసేవాళ్లు చుట్టూ చేరతారు. కుర్రాళ్లు కర్రలతోనో కత్తులతోనో నడిమికి దూకగానే దరువు వేగం అందుకుంటుంది. ఆడేవాడి అడుగు చూసి వాయించేవాడు, వాయించేవాడి చేయి చూసి ఆడేవాడు వేగం పెంచుతారు.

ఇలా చూసి పట్టుకునే విద్యకు రాత పుస్తకం లేదు, గురుకులం లేదు. పిల్లలు పెద్దల వెనక నడుస్తూ మొదట బిందెనో చెక్కబద్దలనో పట్టుకుంటారు. చేయి కుదిరాక తోలు వాద్యాల దగ్గరికి వస్తారు. అంటే ఈ విద్యకు బడి ఊరేగింపే. బుకింగులు తగ్గితే ఒక కుటుంబం ఆదాయం తగ్గడంతో ఆగదు, తర్వాతి తరం నేర్చుకునే చోటు కూడా మూతపడుతుంది.

కొలువు నుంచి బరాత్‌కు

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో (1911–1948) మర్ఫాకు మంచి ఆదరణ దొరికింది. రాజోత్సవాల్లోనూ ప్రముఖుల ఇళ్ల పెళ్లిళ్లలోనూ ఇది మోగింది. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయారు. ఆ తర్వాత నిజాం సైన్యం రద్దు కావడంతో సిద్దీలకు, చావుష్‌లకు జీతం, హోదా ఒకేసారి పోయాయి. రాజాదరణే మర్ఫాకు ఊపిరి అయివుంటే అది అప్పుడే ఆగిపోవాలి. కానీ సైనికుడి జీతం పోయినవాళ్లకు డోలు బయానా మిగిలింది. అంతకు ముందు కొలువుకు అలంకారంగా ఉన్న విద్య జీవనోపాధి అయింది. సామాన్యుల పెళ్లిళ్లకూ మేళం వెళ్లడం మొదలైంది.

ఈ మార్పు మర్ఫా ఒక్కదానిదే కాదు. నగరానికి ఉత్తరాన, సికింద్రాబాద్ కంటోన్మెంటులో, బొల్లారంలో బ్రిటిష్ పటాలాలు, హైదరాబాద్ కంటింజెంటు దళాలు ఉండేవి. పటాలాల వెంట ఇత్తడి వాద్యాలూ కవాతు బాణీలూ వచ్చాయి. భారతదేశపు పెళ్లి బ్యాండు మేళాల చరిత్రను గ్రెగరీ బూత్ తన ‘బ్రాస్ బాజా’ (2005) గ్రంథంలో వివరంగా చెప్పారు. సైనిక బ్యాండుల వాద్యాలూ యూనిఫారాలూ పెళ్లి వీధిలోకి దిగిన తీరు అందులో ఉంది. ఒక వైపు కంటోన్మెంటు ఇత్తడి, మరో వైపు నిజాం ఆశ్విక దళపు డోలు. రెండూ సైన్యం నుంచి వచ్చి బరాత్‌లో స్థిరపడ్డవే. పటాలం కవాతుకూ పెళ్లి ఊరేగింపుకూ కావలసింది ఒకటే: నడిచే జనాన్ని ఒక్క అడుగుగా కలిపే దరువు. అందుకే సైన్యం రద్దయినా వాద్యకారులకు కొత్త విద్య నేర్చుకోవలసిన అవసరం రాలేదు.

తీన్మార్ వ్యాప్తి

గత కొన్ని దశాబ్దాల్లో తీన్మార్ మతాల గీతలు దాటింది. బోనాల ఊరేగింపులో, వినాయక నిమజ్జనంలో, పార్టీల విజయయాత్రల్లో అది మోగుతోంది. 2011లో తెలుగు సినిమా ఒకటి ఆ పేరుతోనే వచ్చింది. టీవీలో వార్తల కార్యక్రమానికీ ఆ పేరే పెట్టారు. ఈ దరువులో డప్పుకూ పెద్ద వాటా ఉంది. తెలంగాణ పల్లెల్లో డప్పు మర్ఫా కంటే పాతది, దానికి సొంత దరువుల సంపద ఉంది. నేడు వినిపించే తీన్మార్ ఆ రెండు చేతుల కలయికగానే ఇంత బలపడింది. మర్ఫా వాటా గుర్తించడమంటే డప్పు కళాకారుల వాటా తగ్గించడం కాదు. వీధిలో నిలబడి సమాజానికి సంబరం అందిస్తూ, ఆ సమాజంలో తమకు తగిన గౌరవం దక్కని కథ ఇద్దరిదీ.

తీన్మార్ ఇంతగా పాకింది కనుక మర్ఫా గురించి బెంగ అక్కర్లేదని కొందరు అంటారు. అమెరికా బ్లూస్ చరిత్ర ఈ మాటకు జవాబిస్తుంది. అదీ బానిసలుగా సముద్రం దాటిన ఆఫ్రికన్ల వారసుల సంగీతమే. కానీ మామీ స్మిత్ 1920లో పాడిన రికార్డు విజయం తర్వాత బ్లూస్ గాయకుల పేర్లు రికార్డుల మీద ముద్రపడ్డాయి. 1943లో మిసిసిపీ పల్లె నుంచి చికాగో చేరిన మడ్డీ వాటర్స్ పాట పేరునే 1962లో లండన్ కుర్రాళ్లు తమ రోలింగ్ స్టోన్స్ బృందానికి పెట్టుకున్నారు. వాళ్ల అభిమానులు ఆ పేరు పట్టుకుని వెనక్కి నడిచి మూలకర్త దగ్గరికి చేరగలిగారు. తీన్మార్‌కు అలాంటి దారి లేదు. కీబోర్డు ప్యాడ్ మీద మోగే తీన్మార్‌లో ఏసీ గార్డ్స్ వాద్యకారుడి పేరు ఉండదు, అతనికి వాటా ఉండదు. దరువు వ్యాపించినంత మాత్రాన దాన్ని మోసినవాళ్లు బతికినట్టు కాదు.

మనుషులు మారితే అదే మేళమా?

నేటి బృందాల్లో సిద్దీలు కానివాళ్లూ వాయిస్తారు, పాత వరుసలతో పాటు సినిమా దరువులూ వినిపిస్తాయి, కనుక ఇది అసలు మర్ఫా కాదన్నది ఇంకో ఆక్షేపణ. ఇదే ప్రశ్న ప్రపంచంలో దీర్ఘకాలం నడిచిన ప్రతి ప్రాంతీయ బృందం ముందుకూ వచ్చింది. ఇంగ్లండులోని కాన్వీ దీవిలో 1971లో పుట్టిన డాక్టర్ ఫీల్‌గుడ్ అనే బ్లూస్ రాక్ బృందం దీనికి మంచి ఉదాహరణ. గిటార్ వాద్యకారుడు విల్కో జాన్సన్ 1977లో వెళ్లిపోయారు, గాయకుడు లీ బ్రిలో 1994లో కన్నుమూశారు. స్థాపకుల్లో ఒక్కరూ లేకుండానే ఆ బృందం తర్వాత కూడా ఊరూరా కచేరీలు చేసింది. దాన్ని అదే బృందమని అభిమానులు ఒప్పుకున్నారంటే, పాతవాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు ఒకరి చోటులోకి ఒకరు వస్తూ వాయించే తీరును నిలబెట్టారు కనుకే. మర్ఫాకు వర్తించే కొలమానమూ ఇదే. పెద్దవాళ్ల పక్కన నిలబడి నేర్చుకున్న చేయి ఎవరిదైనా అది మర్ఫాయే. మొదటి నుంచీ కలిసి పుట్టిన సంగీతానికి ఇప్పుడు రక్తశుద్ధి పరీక్ష పెట్టడం దాని చరిత్రకే విరుద్ధం.

నేటి స్థితి

నగరం ఉత్తరానికి పాకడంతో పెళ్లిళ్లూ అటే నడిచాయి. అల్వాల్, కౌకూర్ మీదుగా మేడ్చల్, శామీర్‌పేట వైపు వెళితే ఫంక్షన్ హాళ్లు దారి పొడవునా కనిపిస్తాయి. పాత బస్తీ గల్లీలో పెళ్లికొడుకు ఇంటి నుంచి పెళ్లికూతురు ఇంటికి సాగే బరాత్‌కు, హైవే పక్కన పార్కింగ్ స్థలం నుంచి హాలు గేటు దాకా సాగే బరాత్‌కు చాలా తేడా ఉంది. నడక తగ్గింది, మలుపులు లేవు, చుట్టూ చేరే ఇరుగుపొరుగు లేరు. ఆ కొద్ది దూరానికి ట్రాలీ మీద డీజే పెడితే చాలని చాలామంది అనుకుంటున్నారు. మర్ఫాకు వచ్చిన అసలు పోటీ ఇక్కడే ఉంది.

డీజే రావడం కాలధర్మమని, కొత్త సాధనం వచ్చినప్పుడల్లా పాతది తప్పుకోవలసిందేనని అనేవాళ్లున్నారు. అయితే డీజే చప్పుడుకు ఊరు మొత్తం మూల్యం చెల్లిస్తోంది. 2000లో వచ్చిన ధ్వని కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. పెళ్లి డీజేలకు ఆ నిషేధం వర్తించకపోయినా, యంత్రపు చప్పుడు మితిమీరిందని నగరం ఒప్పుకున్నట్టే. మర్ఫా చప్పుడూ చిన్నదేమీ కాదు. కానీ అది మనిషి చేతుల సత్తాకు లోబడినది, మేళంతో పాటే వీధి దాటిపోతుంది. అంతకు మించి, డీజే జనానికి వినిపిస్తుంది, మర్ఫా జనంతో కలిసి వాయిస్తుంది. ఆడేవాడి అడుగును చూసి వేగం మార్చే గుణం ముందే రికార్డు చేసిన పాటకు లేదు.

మర్ఫాకు ప్రదర్శనశాలలో అద్దాల పెట్టె కట్టినా, ఏడాదికోసారి ప్రభుత్వ వేదిక మీద పది నిమిషాలు ఇచ్చినా అది నిలవదు. కొలువు పోయాక కూడా 1948 నుంచి దాన్ని నిలిపింది పెళ్లివారు ఇచ్చిన బయానా. ఇక ముందు నిలిపేదీ అదే. పెళ్లికి పిలిచేవాళ్లు డీజేకు ఇచ్చే సొమ్ములో కొంత మేళానికి కేటాయించాలి. హాలు బయట నడిచే దూరం, ఆడే చోటు మిగల్చాలి. దరువు వాడుకునే సినిమా, టీవీ నిర్మాతలు వాయించిన బృందం పేరు వేసి పారితోషికం ఇవ్వాలి. ఇవేవీ దానాలు కావు, చేసిన పనికి రావలసిన ప్రతిఫలాలు. అవి అందితే ఏసీ గార్డ్స్ పిల్లలు పెద్దల వెనక నడిచి ఈ విద్య నేర్చుకుంటారు. అందకపోతే తీన్మార్ మన చెవుల్లో మిగులుతుంది గానీ, దాన్ని మనకిచ్చిన మేళం మిగలదు.