బెర్లిన్ సభ, కాబూలు దారి

ఒకే అగ్రరాజ్యం పెత్తనం పోయి, నాలుగైదు శక్తులు సమతూకంలో నిలబడితే చిన్న జాతులకు ఊపిరి సలుపుతుందని మన మిత్రులు కొందరు ఆశపడుతున్నారు. ఆశ మంచిదే. అయితే అటువంటి ప్రపంచం ఇదివరకు ఒకటి ఉండేది. 1878లో అది నడిచిన తీరు చూడాలి.

ఆ ఏడు మార్చి 3న, యుద్ధంలో ఓడిన తుర్కీ చేత రష్యా శాన్ స్టెఫానో సంధిపై సంతకం చేయించింది. దాని ప్రకారం విశాలమైన బల్గేరియా ఏర్పడవలసి ఉన్నది. అది జారు చేతి కీలుబొమ్మ అవుతుందని బ్రిటన్, ఆస్ట్రియా-హంగరీ అడ్డుపడ్డాయి. బ్రిటిష్ ప్రధాని డిజ్రేలీ సుమారు 7,000 మంది భారత సిపాయిలను మాల్టాకు తరలించి బెదిరించాడు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు అప్పటికి 1876-78 కరువులో మాడి ఉన్నాయి.

జూన్ 13న బెర్లిన్‌లో బిస్మార్క్ అధ్యక్షతన ఆరు అగ్రరాజ్యాలు, తుర్కీ సమావేశమైనాయి. తాను నిజాయితీగల దళారినని బిస్మార్క్ అంతకుముందే చెప్పుకున్నాడు. సరుకెవరిదో మాత్రం ఎవరూ అడగలేదు. నెల తిరిగేసరికి బల్గేరియా మూడు ముక్కలైంది. మాసిడోనియా మళ్ళీ సుల్తాను కిందికి పోయింది. బోస్నియా-హెర్జెగోవినాను ఆస్ట్రియా ఆక్రమించి పాలించుకోవచ్చునన్నారు. ఆ వేసవిలోనే అక్కడి ప్రజలు తుపాకులు పట్టి ఎదిరించారు. రష్యా పక్షాన నెత్తురోడ్చిన రుమేనియా, దక్షిణ బెస్సరేబియాను ఆ రష్యాకే అప్పగించవలసి వచ్చింది. దాని ప్రతినిధులను లోపలికి పిలిచి, చెప్పింది విని, పంపివేశారు. సైప్రస్ సంగతి మరీ చిత్రం. సభ మొదలు కాకముందే, జూన్ 4న, రహస్య ఒప్పందంతో బ్రిటన్ దానిని పుచ్చుకున్నది. తుర్కీకి ఇచ్చిన రక్షణ హామీకి అది కిరాయి!

సెర్బియా, మాంటెనీగ్రో, రుమేనియాల స్వాతంత్ర్యానికి గుర్తింపు దొరికిన మాట నిజం. అయితే ఆ సభలో వాటికి ఓటు లేదు.

యూరపులో మహాయుద్ధం తప్పిందని పాఠ్యగ్రంథాలు రాస్తాయి. అబద్ధం కాదు. కాని పోటీ ఆగక, చోటు మార్చుకున్నది. బ్రిటన్‌ను ఆసియాలో ఇరకాటంలో పెట్టడానికి బయలుదేరిన రష్యా దూత స్టొలేతొవ్, సభ ముగిసిన ఆ జులైలోనే కాబూలు చేరాడు. తన దూతనూ రానివ్వాలని వైస్రాయి లిట్టన్ అమీరు షేర్ అలీని నిలదీశాడు; నవంబరులో సేనలు నడిపాడు. అమీరు రష్యాను సహాయమడిగాడు. బెర్లిన్‌లో రాజీపడిన రష్యా, బ్రిటిషువారితో సంధి చేసుకోమని సలహా చెప్పి ఊరుకున్నది. షేర్ అలీ 1879 ఫిబ్రవరిలో మజారె షరీఫ్‌లో మరణించాడు.

ఆ యుద్ధపు ఖర్చులో అధికభాగం భారత ఖజానా భరించింది. కరువు నిధికని 1878లో వర్తకుల మీదా, చేతివృత్తులవారి మీదా వేసిన లైసెన్సు పన్ను రాబడి కాబూలు దారి పట్టిందని ఆనాడే విమర్శలు రేగినాయి. ఆ పన్ను మద్రాసు రాజధానిలోనూ వసూలయింది.