గుంటూరు సన్యాసిని వైద్యురాలు

గుంటూరు సెయింట్ జోసెఫ్ ఆసుపత్రి పేరు మీరు వినే ఉంటారు. దానిని తీర్చిదిద్దిన డాక్టర్ మేరీ గ్లౌరీ ఆస్ట్రేలియా దేశస్థురాలు. 1887లో జన్మించి, మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో 1910లో వైద్యపట్టా, 1919లో ఎం.డి. పొందారు. 1920 ఫిబ్రవరిలో గుంటూరు వచ్చి జె.ఎం.జె. సభలో సన్యాసినిగా చేరారు.

ఇక్కడే ఒక చిక్కు. సన్యాసినులు వైద్యవృత్తి చేయుటను, ముఖ్యంగా కాన్పులు చేయుటను, ఆనాటి చర్చి నిబంధనలు అంగీకరించేవి కావు. మన స్త్రీలలో అనేకులేమో పురుష వైద్యుని పరీక్షకు ఒప్పుకొనేవారు కారు. కాన్పు కష్టమైతే ఈ రెండు కట్టుబాట్ల నడుమ నలిగేది తల్లీబిడ్డలే. గ్లౌరీకి పోప్ ప్రత్యేకంగా అనుమతించారు. తక్కిన సన్యాసినులకు ఆ వెసులుబాటు 1936లో గాని రాలేదు. ఎంత ఆలస్యం!

ఏళ్ల తరబడి అక్కడ ఆమె ఒక్కరే డాక్టరు. అందుచేత స్థానిక యువతులకు నర్సు పని, మంత్రసాని పని, మందులు కలిపి ఇచ్చే పని నేర్పారు. నా దృష్టిలో ఆమె చేసిన గొప్ప చికిత్స ఇదే. డాక్టరు నిద్రించే వేళ కూడా ఇది పనిచేస్తుంది.

1943లో కాథలిక్ ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. సికిందరాబాదు కేంద్రంగా అది నేటికీ నడుస్తున్నది. కాథలిక్ వైద్య కళాశాల ఒకటి రావాలని ఆమె కోరిక. 1957 మే 5న బెంగుళూరులో కేన్సరుతో మరణించారు. అదే నగరంలో సెయింట్ జాన్స్ వైద్య కళాశాల 1963లో ప్రారంభమైంది.