పట్టణముల జమాఖర్చులు – ధవళేశ్వర ప్రదర్శనశాల చెప్పు చరిత్ర

నదీతీరముల నగరములు వెలయుట లోకమంతటను కానవచ్చు విషయమే. అయినను నది యుండిన మాత్రమున పట్టణము పుట్టదు. గోదావరి యుగయుగములుగా ప్రవహించుచునే యున్నది. దాని యొడ్డుననే ఊళ్లు ఆకలితో ఖాళీయైన దినములును ఉన్నవి. పంట మిగిలిన చోట సంత పుట్టును. సంత నిలిచిన చోట రేవు ఏర్పడును. రేవు సాగిన చోటికి కచ్చేరి, పాఠశాల, అచ్చుకూటము, వైద్యశాల ఒకదాని వెంట నొకటి వచ్చి చేరును. పట్టణము పెరుగు క్రమ మిది. మన గోదావరీ మండలమున ఈ క్రమము ఎచ్చట మొదలైనదో తెలిసికొనగోరు వారు ధవళేశ్వరమున ఆనకట్ట చెంతనున్న కాటన్ ప్రదర్శనశాలను చూడవలెను.

ఆ ప్రదర్శనశాలలో ఆనకట్ట నమూనాలు, పాత చిత్రములు, నిర్మాణకాలమున వాడిన యంత్రసామగ్రి కలవు. సెలవు దినములలో బడిపిల్లలు బారులు తీరి వత్తురు. ఇనుప చక్రములను తాకి చూతురు, నమూనాల చుట్టును మూగుదురు, గడియసేపు తిరిగి బ్యారేజి మీదికి పోవుదురు. పెద్దలును తరచుగా ఇది ఒక దొర జ్ఞాపకార్థము వెలసిన మందిరమని తలచి, నమస్కరించి మరలుదురు. కృతజ్ఞత మంచి గుణమే. కాని ఆ వస్తువులను నిదానించి చూచినచో అవి ఒక్క పురుషుని చరిత్రను మాత్రమే చెప్పుట లేదు. రాజమహేంద్రవరము, కాకినాడ, అమలాపురము పట్టణములుగా ఎట్లు పెరిగినవో, ఆ పెరుగుదలకు మూలధనము ఎవరిదో ఆ వస్తువులు చెప్పుచున్నవి. జమ వ్రాసిన పుటను చూచినవారు ఖర్చు పుటను గూడ త్రిప్పి చూచుట న్యాయము.

పట్టణమును ఎట్లు పరీక్షింపవలెనో మన పెద్దలు ఏనాడో చెప్పియున్నారు. భారత సభాపర్వమున పాండవులు ఇంద్రప్రస్థమును నూతనముగా నిర్మించుకొని మయసభలో కొలువు తీర్చిన వేళ నారదమహర్షి యరుదెంచెను. ధర్మరాజును ఆయన అడిగిన ప్రశ్నలలో కోటల ఎత్తును గూర్చినవి తక్కువ, ప్రజల స్థితిని గూర్చినవి ఎక్కువ. సేద్యము వానమీదనే ఆధారపడి యుండకుండ రాజ్యమున తగిన చోట్ల నిండు చెరువులు ఉన్నవా? కుంగిన కృషీవలునకు విత్తనములును, స్వల్పవృద్ధికి అప్పును దొరకుచున్నవా? ఈ రెండు ప్రశ్నలును అందున్నవి. క్రొత్త నగరమును చూడవచ్చిన ఋషి పల్లెను గూర్చి అడుగుట గమనింపదగినది. ఈ సభాపర్వమును నన్నయభట్టు తెనిగించినది రాజరాజనరేంద్రుని (1022–1061) ఆస్థానమున, ఈ గోదావరి యొడ్డుననే. నారదుని మొదటి ప్రశ్నకు గోదావరి డెల్టాలో సంపూర్ణమైన సమాధానము వచ్చుటకు అటు తరువాత ఎనిమిది వందల యేండ్లు పట్టెను.

ఆ సమాధానమునకు ముందున్న స్థితి తలచుకొన్నను గుండె చెదరును. నందన నామ సంవత్సరము (1832–33) నాటి కరవు ఆ సంవత్సరము పేరనే జనుల నోట నిలిచిపోయినది. 1839లో వచ్చిన తుపాను కోరంగి రేవును ముంచివేసినది. రాజమండ్రి జిల్లా జనసంఖ్య 1821లో సుమారు 7 లక్షల 38 వేలు. 1841 నాటికి అది సుమారు 5 లక్షల 61 వేలకు దిగినది. ఇరువది యేండ్లలో లక్షా డెబ్బదియేడు వేలమంది లెక్కకు లేకపోయిరి. కొందరు మరణించిరి, కొందరు ఊరు విడిచిరి. పొలమునకు రైతులేడు, రైతునకు గింజ లేదు, సర్కారుకు శిస్తు లేదు. శిస్తు పడిపోయినందుననే పైవారి దృష్టి ఇటు మరలినదని చెప్పుటలో తప్పులేదు. సర్ హెన్రీ మాంట్‌గోమరీ ఈ దుస్థితిని విచారించి 1844లో నివేదిక సమర్పించెను. ఆ కాలముననే ఆర్థర్ కాటన్ (1803–1899) గోదావరిని పరిశీలించి, నదికి అడ్డముగా ఆనకట్ట కట్టవలెనని ప్రతిపాదించెను.

కాటన్ అంతకుముందు కావేరి ప్రాంతమున పనిచేసిన వాడు. కదలెడి యిసుకలో పునాది నిలుపు విద్యను అచ్చటి చోళుల నాటి కల్లణైని చూచి నేర్చితినని ఆయనయే ఒప్పుకొనెను. కావున ధవళేశ్వరమున మనము చూచునది పరదేశ విద్య మాత్రమే కాదు. మన దేశపు పాత స్థపతుల విద్య మరల మనకే వచ్చి చేరినదని చెప్పవచ్చును.

ఆనకట్టకు మొదట వేసిన అంచనా 4 లక్షల 75 వేల రూపాయలకు కొంచెము పైన. 1846 చివర అనుమతి లభించినది. 1847లో పని మొదలై 1852 మార్చి నాటికి పూర్తియైనది. నడుమనున్న లంకలను ఆధారముగా గొని ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా కట్టిరి. ధవళేశ్వరపు కొండరాతిని పగులగొట్టి, పట్టాలమీద బండ్లతో రేవునకు చేర్చి, పడవలలో నదిలోనికి తెచ్చిరి. భారతదేశమున ప్రయాణికుల రైలు 1853లో నడచినది. దానికంటె ముందే ధవళేశ్వరమున రాళ్ల బండ్లు పట్టాలపై దొరలినవి. టేకు దుంగలు ఎగువ అడవులనుండి నీటిపై వచ్చినవి. పని కాలమున కూలీలను కూర్చి నడిపిన వీణెం వీరన్న పేరును ధవళేశ్వరపు ప్రజలు నేటికిని మరువలేదు. కాని రాళ్లు మోసిన వేలమంది స్త్రీపురుషుల పేర్లు ఏ పటమునందును కానరావు. వారు పల్లెలనుండి వచ్చిరి, పని ముగియగానే పల్లెలకు మరలిరి. ఖర్చు పుటలో మొదటి పద్దు వారిదే.

ఇక జమ పుట. కాలువలు నీటిని మాత్రమే తేలేదు, దారిని గూడ తెచ్చినవి. లాకుల మీదుగా ధాన్యపు పడవలు ధవళేశ్వరమునుండి కాకినాడకు సాగినవి. తుపానుకు దెబ్బతిని, మేటలు వేసిన కోరంగి క్షీణింపగా కాకినాడ రేవు వృద్ధిపొందెను. 1861–65 నడుమ అమెరికాలో అంతర్యుద్ధము జరిగి అచ్చటి ప్రత్తి ఆగిపోగా మన ప్రత్తికి గిరాకి కలిగినది. ఆ వ్యాపారమునను కాకినాడ బలపడెను. రాజమహేంద్రవరమును కాకినాడయు 1866లోనే పురపాలక సంఘములను పొందినవి. పురాతన రాజధానియైన రాజమహేంద్రవరము మరల విద్యాపట్టణమై, కందుకూరి వీరేశలింగము పంతులుగారి వంటి వారికి కార్యక్షేత్రమైనది. 1881లో మొదటి వితంతు వివాహమును, 1890లో పురమందిరమును ఆ పట్టణమే చూచినది. 1900లో హేవలాక్ వంతెనపై రైలు గోదావరిని దాటినది. పడవకు పోటీ వచ్చినది అప్పుడే. ఆ పట్టణమున అచ్చయిన ప్రతి పత్రిక వెనుకను, నడచిన ప్రతి పాఠశాల వెనుకను కాలువ క్రింద పండిన గింజ ఉన్నదని చెప్పుట అతిశయోక్తి కాదు.

కోనసీమ కథయు ఇదియే. బొబ్బర్లంక వద్ద ఆనకట్ట విడిచిన నీరు లొల్ల లాకులను దాటి మధ్య డెల్టా అంతటను పారుచున్నది. వైనతేయమునకు ఆవలనున్న లంకప్రాంతమునకు నీరు చేర్చుటకై గన్నవరము వద్ద హేగ్ అను యువ ఇంజనీరు 49 కమానుల అక్విడక్టును నిర్మించెను. క్రింద నది, పైన కాలువ! ఆ వింతను చూచుటకు దూరప్రాంతములనుండి జనులు వచ్చెడివారు. అది ముసలిదైనందున దాని ప్రక్కన క్రొత్తది కట్టి, అన్నదానమునకు పేరుపొందిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. నీరు మోయు కట్టడమునకు అన్నము పెట్టిన తల్లి పేరు! ఇంతకంటె తగిన పేరు దొరకుట కష్టము. ఇట్టి కాలువల పంటచేతనే అమలాపురము సంతగా, తాలూకా కచ్చేరిగా పెరిగి, 2022 ఏప్రిల్ 4న జిల్లాకేంద్రమైనది.

పాత ఆనకట్ట స్థానమున 1970–82 నడుమ బ్యారేజి వెలసినది. దానికి 175 తలుపులు. ధవళేశ్వరమున 70, ర్యాలిలో 43, మద్దూరున 23, విజ్జేశ్వరమున 39. దీని క్రింద నేటికి సుమారు 10 లక్షల ఎకరములు సాగగుచున్నవి. జమ పుట నిండుగనే ఉన్నది.

అయినను 2011లో ఏమి జరిగినది? నీరు ఉండియు, నేల ఉండియు, కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించి వేలాది ఎకరములను సార్వాలో బీడు పెట్టిరి. పెట్టుబడి పెరిగినది, ధర గిట్టలేదు, మురుగు కాలువలు పూడి చేలు నీట నానినవి. ప్రభుత్వము మోహన్ కందా గారి అధ్యక్షతన సంఘమును నియమించి విచారింపవలసి వచ్చెను. కరవు కాలమున నీరు లేక పొలము బీడాయెను. 2011లో నీరుండియు బీడాయెను. నారదుని మొదటి ప్రశ్నకు 1852లో సమాధానము దొరకినది. రెండవ ప్రశ్న, కుంగిన రైతును ఆదుకొనుటను గూర్చినది, ఇంకను నిలిచియే యున్నది. నీటిని తెచ్చు విద్య ఎంత గొప్పదో, వాడిన నీటిని సముద్రమునకు పంపు విద్యయు అంతియే అవసరము. పట్టణమునకు పంట చేరిన తరువాత పల్లెకు ఏమి మరలి వచ్చినదో లెక్క చూడని అభివృద్ధి ఒక పుట మాత్రమే వ్రాసిన ఖాతా వంటిది.

ఈ రెండవ పుటను వ్రాయవలసినది ఎవరు? పట్టణపు ప్రదర్శనశాల ఎంత మంచిదైనను పల్లె లెక్కను పల్లెకంటె బాగుగ వ్రాయజాలదు. ఇందుకు రాజమహేంద్రవరముననే ఇంకొక నిదర్శనమున్నది. 1922లో కొందరు విద్యావంతులు ఆంధ్రేతిహాస పరిశోధక మండలిని స్థాపించిరి. శాసనములను, నాణెములను, విగ్రహములను ఊరూర వెదకి చేర్చిరి. ఆ సంగ్రహమే నేడు రాళ్లబండి సుబ్బారావు గారి పేరిటనున్న ప్రభుత్వ ప్రదర్శనశాలకు మూలమైనది. ముందు ఎవరో పూనుకొని చేర్చి యుంచిరి. ప్రభుత్వము తరువాత వచ్చినది. చేర్చిన వారు లేకున్నచో ప్రభుత్వమునకు కాపాడుటకు ఏమియు మిగిలియుండెడిది కాదు.

ముక్తేశ్వరమునకు ఈ మాట మిక్కిలి దగ్గరగా వర్తించును. క్షణముక్తేశ్వరుని సన్నిధిని, గౌతమి యొడ్డున, కోటిపల్లికి ఎదురుగా నున్న ఈ ఊరు పుట్టుకచేత రేవు. ఆవలి యొడ్డున కాకినాడ–కోటిపల్లి రైలు 1928లో వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1940లో, దాని పట్టాలు పెరికివేసిరి. 2004లో మరల వేసిరి. 2002లో యానాము–ఎదుర్లంక నడుమ బాలయోగి వారధి తెరచిన తరువాత కాకినాడ పోవు బండ్లు అనేకము ఆ దారి పట్టినవి. కోటిపల్లి–నరసాపురము రైలుమార్గమునకై గౌతమిలో వంతెన స్తంభములు లేచినవి. జిల్లాకేంద్రము దగ్గరైనది. దారులు మారినకొలది ఊరి రూపు మారుట తప్పదు. తప్పవలసిన పనియు లేదు. కాని మారుటకు ముందు ఏమున్నదో వ్రాసియుంచనిచో మారినది మేలునకో కీడునకో తెలియు మార్గము ఉండదు.

అట్టి వ్రాతకు గ్రంథాలయముకంటె తగిన స్థలమేది? గ్రంథాలయోద్యమ పితామహులైన అయ్యంకి వేంకటరమణయ్యగారు ఈ గోదావరీ మండలపు కొంకుదురున 1890లో జన్మించిన వారు. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవలో గ్రంథాలయమును నడపి పల్లెలకు పుస్తకములను చేర్చిరి. ధాన్యమును పట్టణమునకు మోసిన కాలువ ఆనాడు విద్యను పల్లెకు మోసినది. ఖర్చు పుటలో వ్రాసిన దానికి ఎదురుగా జమ పడిన ఒక్క పద్దు అది.

ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయమున ఒక బీరువాను ఊరి చరిత్రకు కేటాయించుట కష్టమైన పని కాదు. పాత శిస్తు రసీదులు, భూమి దస్తావేజులకు నకళ్లు, రేవు పాటల కాగితములు, పెండ్లి శుభలేఖలు, వరదనీరు ఏ అరుగు మెట్టువరకు వచ్చినదో గుర్తులు, కుంచము, తవ్వ, సోల వంటి కొలతపాత్రలు, ఏతము బాన, పడవ తెడ్డు – ఇవి అటకలమీద చెదలు తినుచున్నవి. సరంగులు, కలుపుతీత స్త్రీలు, లాకు కావలివారు చెప్పు మాటలను పిల్లలచేత వ్రాయింపవచ్చును. ధవళేశ్వరమున రాయి మోసిన వారి పేర్లు లేకపోవుట ఇక సవరింపరాని లోపము. వంతెన కట్టుచున్న నేటి కూలీల పేర్లు, నేటి రైతుల లెక్కలు అట్లు పోకుండ చూచుకొనుట మాత్రము మన చేతిలోని పని.

చందాదారులు తమ యింట నున్న ఒక్కొక్క పాతకాగితమును గ్రంథాలయమునకు చేర్చినచో, స్వర్ణోత్సవ సంచికను వ్రాయువారు పట్టణపు పుటతో పాటు పల్లె పుటను గూడ త్రిప్పి చూడగలరు. ఆ రెండును సరితూగినదో లేదో తేల్చువారు వారే.